విడిది యిల్లు: వీథికుక్కల తాత్కాలిక పోషణము

మహాభారతము చదివినవారికి కుక్క క్రొత్త పాత్ర కాదు. ఆదిపర్వమునందు సరమ యను దేవశునకము, తన బిడ్డను జనమేజయుని తమ్ములు నిష్కారణముగా కొట్టిరని వచ్చి మొఱపెట్టుకొనినది. నన్నయగారు ఆ వృత్తాంతమును తెలుగు చేసినారు. తుదకు మహాప్రస్థానమునందు ధర్మరాజు, తన్ను నమ్మి వెంట నడచిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్నాడు. అంతటి కథను చదువుకొనిన మనము, బడి గోడప్రక్క వానలో తడియుచున్న కుక్కపిల్లను చూచి ఏమి చేయుచున్నాము? కొందఱు రాయి విసరుదురు. కొందఱు అయ్యో యని సాగిపోవుదురు. కొందఱు ఇంటికి తెచ్చి, వారము దినములలో విసిగి, మరల వీథిలో విడిచిపెట్టుదురు. ఈ మూడును గాక నాలుగవ మార్గ మొకటి కలదు. దానిని గూర్చి, మేము చెన్నపట్టణములో కొన్ని యేండ్లుగా చేయుచు నేర్చుకొనిన దానిని, మా తప్పులతో సహా, ఇచ్చట విన్నవించుచున్నాము.

ఆ మార్గము పేరు తాత్కాలిక పోషణము. దిక్కులేని కుక్కను కాని, పిల్లను కాని ఇంట నుంచుకొని, వైద్యము చేయించి, మనుష్యులతో మెలగుట నేర్పి, దానిని కడవఱకు ఉంచుకొనగల కుటుంబము దొరకిన పిమ్మట అప్పగించుటయే ఇందలి పని. పెండ్లివారికి విడిది యెట్టిదో, ఈ కుక్కలకు మన యిల్లు అట్టిది. విడిదిలో లోటు రానీయరాదు. అయినను అది కాపురముండు చోటు కాదు.

ఇట్టి యిండ్ల యవసర మేమి, ఆశ్రయములు లేవా యని అడుగవచ్చును. ఉన్నవి. జీవకారుణ్య విషయమున చెన్నపట్టణమునకు మంచి చరిత్ర కలదు. 1959లో కెప్టెన్ వి. సుందరముగారు బ్లూ క్రాస్ సంస్థను ఇచ్చటనే స్థాపించిరి. కళాక్షేత్ర స్థాపకురాలగు శ్రీమతి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో జంతుహింసా నివారణమునకై బిల్లు ప్రతిపాదించి పాటుపడగా, 1960లో శాసనము వచ్చెను. 1962లో ఏర్పడిన జంతుసంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. 2001 నాటి నియమములును, వాని స్థానమున వచ్చిన 2023 నాటి నియమములును, వీథికుక్కలకు సంతాన నిరోధ శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటనే విడువవలెనని చెప్పినవి. చెవి కొన చిన్న గంటుగా కత్తిరింపబడిన కుక్కను చూచినచో, దానికి ఆ శస్త్రచికిత్స జరిగినదని గుర్తింపవలెను. 2025 నవంబరు 7వ తేదీని సుప్రీంకోర్టు బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయములు, రైల్వే స్టేషనులు మున్నగు ఆవరణములనుండి కుక్కలను తీసి ఆశ్రయములకు చేర్చవలెననియు, తిరిగి అచ్చటనే విడువరాదనియు ఆదేశించెను. ఆశ్రయములలో చోటు పరిమితము. అందు పెక్కు కుక్కలు ఒక్కచోట నుండుటచే పసిపిల్లలకు వ్యాధులు సులభముగా సోకును. ఒక యింట ఒక పిల్లకు చోటిచ్చినచో, ఆశ్రయమున మఱియొక రోగికి చోటు మిగులును. ఇదియే విడిది యిండ్ల ప్రయోజనము.

ఇక పని యెట్లు జరుగునో చెప్పెదము. కుక్కపిల్లలు కన్నులు మూసికొని పుట్టును. పది, పదునాలుగు దినములకు గాని తెఱవవు. మూడు వారములలోపు పిల్ల తన వేడిని తాను నిలుపుకొనలేదు. తానై మలమూత్రములను విడువలేదు. తల్లి నాకి చేయించు ఆ పనిని, పోషకుడు గోరువెచ్చని నీట తడిపిన దూదితో తుడిచి చేయింపవలెను. ఆవుపాలు అనేక పిల్లలకు పడక విరేచనములు కలుగజేయును. కనుక పశువైద్యుని యడిగి తగిన పాలపొడి వాడుట మేలు. చల్లబడిన పిల్లకు పాలు పట్టరాదు. ముందు వెచ్చజేసి, పిమ్మట పట్టవలెను. మూడు నాలుగు వారముల పిమ్మట మెత్తని యన్నము అలవాటు చేయవచ్చును. కాని మన వంటయింటి ఉల్లిపాయలు, ద్రాక్షలు, పిల్లలు ముద్దుగా పెట్టు చాక్లెట్టు కుక్కలకు విషప్రాయములని మఱువరాదు.

మా మొదటి తప్పు ఇచ్చటనే జరిగినది. ఒక కార్తికమాసమున మురుగుకాలువ ప్రక్కనుండి మూడు పిల్లలను తెచ్చితిమి. వానిలో ఒకటి వాంతులు, రక్తవిరేచనములతో రెండు దినములలో మరణించెను. అది పార్వో యను వైరసు వలని వ్యాధియని వైద్యులు చెప్పిరి. పెరడు కడిగితిమి, శుభ్రమైనదని తలచితిమి. రెండు నెలల పిమ్మట మఱియొక పిల్లను ఆ మూలనే కట్టితిమి. అదియు అదే విధముగా పోయెను. ఆ వైరసు మట్టిలో నెలల తరబడి బ్రదుకగలదనియు, సబ్బునీటికి చావదనియు మే మప్పటికి ఎఱుగము. గచ్చునేలను బ్లీచింగు ద్రావణముతో కడుగవచ్చును. మట్టి నేలను అట్లు శుద్ధి చేయుట కష్టము. దయ చాలదు, తెలివియు కావలెనని ఆ పిల్ల మాకు ప్రాణమిచ్చి నేర్పినది. నాటినుండి వచ్చిన ప్రతి పిల్లను రెండు వారములు గచ్చు గదిలో వేఱుగా నుంచుచున్నాము. దాని గిన్నె, గుడ్డ వేఱు. ఆఱు, ఎనిమిది వారముల వయస్సున మొదటి టీకా వేయించి, పదునాఱు వారములు నిండువఱకు వైద్యుడు చెప్పిన యెడముతో తక్కినవి వేయింపవలెను. రేబీస్ టీకా మూడవ నెలలో వేయింతురు. అంతవఱకు పిల్లను పది కుక్కలు తిరుగు వీథిలో దింపరాదు.

రెండవ విషయము మన బిడ్డల క్షేమము. ఒకనాడు మా చిన్నవాని వ్రేలికి ఒక పిల్ల పాలపండ్లు గ్రుచ్చుకొని నెత్తురు వచ్చెను. వాని నాయనమ్మ సున్నము, పసుపు తెచ్చెను. "అమ్మా, అవి వద్దు, ముందు కడుగవలెను" అని ఆమె చేయి పట్టుకొని ఆపితిమి. కుళాయి క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, అదే దినము ఆసుపత్రికి తీసికొనిపోతిమి. నెత్తురు వచ్చిన గాయము కనుక గాయము చుట్టును ప్రతిరక్షక ద్రవ్యము ఎక్కించి, పిమ్మట నిర్ణీత దినములలో టీకాలు వేసిరి. ముసలమ్మ మూడు దినములు మాతో మాటలాడలేదు. నాలుగవ దినమున ఆమెయే మనుమని టీకాకు తీసికొనిపోయెను. రేబీస్ లక్షణములు కనబడిన పిమ్మట దాదాపుగా ఎవరును బ్రదుకరు. కాని కఱచిన వెంటనే కడిగి టీకాలు పూర్తిగా వేయించుకొనినచో ఆ వ్యాధి రానే రాదని చెప్పవచ్చును. మనుష్యులకు రేబీస్ వచ్చుటకు నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కలే కారణము. కనుక కుక్కను ప్రేమించువాడు టీకాను అంతకంటె ఎక్కువగా ప్రేమింపవలెను. బాలబాలికలారా, కుక్క గీచినను కఱచినను ఇంట తిట్టుదురని దాచకుడు. దాచుటయే ప్రాణాపాయము.

మూడవది శిక్షణము. అమెరికాలో బార్ హార్బరునందలి జాక్సన్ ప్రయోగశాలలో ఫ్రీడ్మన్, కింగ్, ఎలియట్ అనువారలు చేసిన పరిశోధన 1961లో ప్రకటింపబడెను. మనుష్యుల పొత్తు లేక కంచెవేసిన పొలములో పెరిగిన కుక్కపిల్లలను వేర్వేఱు వయస్సులలో లోనికి తెచ్చి ఒక్కొక్క వారము మచ్చికచేసి చూచిరి. పదునాలుగు వారములవఱకు మనుష్యుని యెఱుగని పిల్లలు అటుపై మచ్చిక కానేలేదు. మూడవ వారమునుండి పండ్రెండు, పదునాలుగు వారములవఱకు గల కాలము కుక్కకు అక్షరాభ్యాస కాలము వంటిది. విడిదిలో పిల్ల గడుపు కాలము తఱచుగా ఇదే. కావున ఈ కాలమున అది చీపురు చప్పుడు, కుక్కరు కూత, గొడుగు, ముసలివారి చేతికఱ్ఱ, పసిపిల్లల యల్లరి అన్నిటిని భయము లేక చూడవలెను. కొట్టి నేర్పినది భయమగును. తిండిముక్క యిచ్చి నేర్పినది గుణమగును.

ఇందు మాకొక వింత యనుభవము కలిగినది. మేము పెంచిన యాడకుక్క "రా, కూర్చో, వద్దు" అను తెలుగు మాటలకే చెవి యొగ్గెడిది. దానిని కోరినవారు అఱవవారు. వారు "వా, ఉక్కారు" అని యెంత పిలిచినను అది బిత్తరపోయి చూచెను. ఆ యింటి పెద్దమ్మగారు నవ్వి, "పోనిండు, మేమే రెండు తెలుగు మాటలు నేర్చుకొందుము" అనిరి. రెండు వారములలో కుక్క రెండు భాషలును నేర్చినది! తరతరములుగా ఈ నేలను ఇంట ఒక భాషయు వీథిని ఒక భాషయు మాటలాడుచున్న మనకు, అది మన జాతిలో చేరినట్లే తోచినది.

నాలుగవదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు, శాశ్వత గృహమును ఎంచుట. మా రెండవ తప్పు ఇందున్నది. మంచివారని విని, ఇల్లు చూడకయే ఒక పిల్లను ఇచ్చితిమి. ఆఱు నెలలకు పోయి చూడగా, అది మిద్దెమీద ఎండలో మూరెడు గొలుసుతో కట్టబడి, మెడ ఒఱసి పుండైయున్నది. వారు క్రూరులు కారు. దొంగల భయమున కావలికని తీసికొనిరి, కుక్క కేమి కావలెనో ఎఱుగరు. అడుగవలసిన ప్రశ్నలను మేము అడుగలేదు. దానిని తిరిగి తెచ్చుకొంటిమి. ఇప్పుడు ముందుగా ఇల్లు చూతుము. ఇంటిల్లిపాదికిని ఇష్టమేనా? అద్దె యిల్లయినచో యజమాని యొప్పుకొనెనా? ఊరికి పోవునపుడు ఎవరు చూతురు? పది పండ్రెండేండ్లు వైద్యమున కగు వ్యయమును భరింపగలరా? శస్త్రచికిత్స చేయింతురా? నగరపాలక సంస్థలో నమోదు చేయింతురా? ఉంచుకొనలేని దినమున వీథిలో విడువక మాకే తిరిగి యిత్తురా? ఈ కడపటి దానిని వ్రాతపూర్వకముగా తీసికొనుచున్నాము. ఇచ్చిన పిమ్మట మూడవ దినమునను, మూడవ వారమునను, మూడవ నెలను విచారింతుము. క్రొత్త యింట కుక్క బెదరు తీఱుటకు కొన్ని దినములు, అలవాటు పడుటకు కొన్ని వారములు, తనదే యను నమ్మకము కుదురుటకు కొన్ని నెలలు పట్టును.

పెంచినదానిని ఇచ్చివేయుట కష్టము కాదా యని అందఱును అడుగుదురు. కష్టమే. అప్పగింతలనాడు ఏడ్వని తల్లి యున్నదా? కాని ఏడుపు వచ్చునని పిల్లకు పెండ్లి మానిన తల్లియు లేదు. మా చిన్నవాడు మొదటిసారి రెండు దినములు అన్నము తినలేదు. పిమ్మట ఒకనాడు తానే వచ్చి, గచ్చు గది ఖాళీగా నున్నదని జ్ఞాపకము చేసెను. ఒక కుక్కను ఉంచుకొనినచో ఒక్కటియే బ్రదుకును; అప్పగించుచుపోయినచో ఆ యొక్క మూలలో అనేకములు బ్రదుకును. ఈ లెక్క వానికి మేము చెప్పలేదు. ఖాళీ గదియే చెప్పినది.

అందఱును ఈ పని చేయలేరు. చేయవలెననియు మేము కోరము. ఇంట పసికందులున్నవారు, తీఱిక లేనివారు మానుటయే మంచిది. ఒక పాత దుప్పటి యిచ్చినను, టీకా ఖర్చులో పాలు పంచుకొనినను, మంచి యిల్లొకటి చూపినను అదియు సాయమే. విద్యార్థులారా, పెద్దల యనుమతి లేక, వైద్యుని చూపక ఏ పిల్లను ఇంటికి తేకుడు. తెచ్చిన పిమ్మట మాత్రము నడుమ విడువకుడు. ధర్మరాజు కుక్కకై స్వర్గమునే కాదన్నాడు. మనలను ఎవరును స్వర్గము విడువుమని అడుగుట లేదు. రెండు నెలలపాటు ఇంటిలో ఒక మూల విడువుమని మాత్రమే అడుగుచున్నారు.