అలిగినా రాముడితోనే!

పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తితే తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి నిజామాబాద్ యార్డుకు చేర్చేసరికి మళ్లీ ఎండాకాలం. తీరా అక్కడ ధర లేకపోతే? ఆలూర్, ఆర్మూర్ రైతులకు ఆ దెబ్బ కొత్త కాదు. 2019లో ఆ కడుపుమంటతోనే ఎన్నికల్లో నిలబడ్డారు. నిజామాబాద్ బరిలో మొత్తం 185 మంది!

ధర రాని ఏడాదైనా గడపకు పసుపు రాయాల్సిందే, పసుపు ముద్దతో గౌరమ్మను చేయాల్సిందే. మరి దేవుడి మీద కోపం రాదా? ఎందుకు రాదూ... కంచర్ల గోపన్నకే వచ్చింది! భద్రాచలం గుడికి సర్కారు సొమ్ము వాడినందుకు గోల్కొండ ఖైదులో 12 ఏళ్లున్నాడంటారు. దెబ్బలకు ఓర్వలేక రాముణ్ని తిట్టాడు, చేయించిన నగల లెక్క అప్పజెప్పాడు, ఆనక క్షమించమన్నాడు. అయినా పలక్కపోతే... సీతమ్మతో సిఫారసు చేయించుకోజూశాడు!