‘డామినేట్’కు తెలుగు ఏది?

‘డామినేట్’ అనే ఇంగ్లీషు క్రియ ఎదురైనప్పుడల్లా మన అనువాదకులు, విమర్శకులు ‘ఆధిపత్యం చెలాయించు’ అని రాసి ముందుకు సాగిపోతున్నారు. ఆ మాట అన్ని చోట్లా చెల్లదు.

ఈ క్రియకు మూలం లాటిన్. అందులో ‘దోముస్’ అంటే ఇల్లు. ‘దోమినుస్’ అంటే ఇంటి యజమాని, బానిసలకు స్వామి. ఆ యజమానిలా వ్యవహరించడమే డామినేట్ చేయడం. 1947 ఆగస్టు 15 నుంచి 1950 జనవరి 26 దాకా మన దేశానికున్న ‘డొమినియన్’ హోదా కూడా ఈ కుదురులోదే. వేదభాషలో ‘దంపతి’ అంటే గృహస్వామి. అందులోని ‘దమ్’, లాటిన్ ‘దోముస్’ ఒకే వేరునుంచి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. మన శుభలేఖల్లోని ‘దంపతులు’లో యజమాని ఒకడు నక్కి ఉన్నాడన్నమాట!

తెలుగులో దీనికి దగ్గరి చుట్టం ‘పెత్తనం’. పెద్దతనమే పెత్తనమైంది కనుక ఇదీ ఇంట్లో పుట్టిన మాటే. అత్త కోడలి మీద, అన్న తమ్ముడి మీద చేసేది పెత్తనం. వయసు, వరస దానికి అండ. ‘దొరతనం’ కథ వేరు. ఇంగ్లీషువాళ్ల ప్రభుత్వాన్ని ఒకప్పుడు ‘దొరతనమువారు’ అనే రాసేవారు. తెలంగాణ పల్లెలో దొర అంటే గడీలోని భూస్వామి. ఆ మాట వినగానే వెట్టిచాకిరీ గుర్తొస్తుంది. ‘ఆధిపత్యం’ అనే మాటకు ఈ వాసనలేవీ లేవు. కథకుడు పాత్రల నోట దాన్ని పలికిస్తే సంభాషణ కాస్తా ఉపన్యాసమవుతుంది.

ఇంగ్లీషులో ఈ క్రియకు కర్త మనిషే కానక్కరలేదు. కొండ ఊరిని డామినేట్ చేయవచ్చు. ‘కొండ ఊరిమీద ఆధిపత్యం చెలాయిస్తోంది’ అంటే నవ్వుతారు. ‘ఊళ్లో ఎక్కడ నిలబడ్డా కొండే కనిపిస్తుంది’ అంటే సరి. కావ్యంలో కరుణరసం డామినేట్ చేస్తే, మన ఆలంకారికులు ‘అంగిరసం’ అని ఎప్పుడో పేరు పెట్టారు.

అసలు నష్టం సిద్ధాంత వ్యాసాల్లో జరుగుతోంది. గ్రాంసీ 1929-35 మధ్య నిర్బంధంలో ఉండి రాసుకున్న నోటుపుస్తకాల్లో ఒక విభజన చేశాడు. ఒక వర్గం తన శత్రువులను బలంతో లొంగదీసి డామినేట్ చేస్తుంది. మిత్రవర్గాలను ఒప్పించి వాటికి నాయకత్వం వహిస్తుంది. ఈ రెండో దాన్ని, అంటే సమ్మతితో నడిచే ‘హెజిమొనీ’ని కూడా మనం ‘ఆధిపత్యం’ అనే అంటున్నాం. బలానికీ సమ్మతికీ ఒకే మాట వాడితే గ్రాంసీ వాదన తెలుగు పాఠకుడి దాకా చేరనే చేరదు. మొదటిదానికి ‘బలప్రాబల్యం’ అనో, రెండోదానికి ‘భావనాయకత్వం’ అనో విడదీసి చూడవచ్చు. ఇంతకంటె మంచి మాటలు తట్టినవారు వాటినే వాడాలి.