డోర్నకల్ చర్చి: తమిళ బిషప్, తెలుగు జనం, ఇంగ్లిష్ పద్ధతి.. ఈ మూడూ ఒక్కచోట ఎలా కలిశాయి?

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో పాత చర్చిల బోర్డులు ఎప్పుడైనా గమనించారా? చాలాచోట్ల ఇంగ్లిష్ ఆరాధనకు ఒక టైమ్, తెలుగు ఆరాధనకు ఇంకో టైమ్ ఉంటుంది. కొన్నిచోట్ల తమిళం కూడా కనిపిస్తుంది. దేవుడు ఒక్కడే, బిల్డింగ్ ఒక్కటే. మరి ఇన్ని భాషలు ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు దొరికే ఊరు ఒకటుంది. ఆరాంఘర్ నుంచి చూస్తే రెండొందల కిలోమీటర్లకు పైగా దూరం. సికింద్రాబాద్‌లో విజయవాడ వైపు వెళ్లే రైలెక్కి, కాజీపేట, మహబూబాబాద్ దాటితే వచ్చే జంక్షన్. పేరు డోర్నకల్. ప్రపంచంలోని ఆంగ్లికన్ చర్చిలన్నింటిలో తొలి భారతీయ బిషప్ కూర్చున్నది లండన్‌లోనో, కలకత్తాలోనో కాదు.. ఈ చిన్న ఊళ్లోనే.

అసలు ఆంగ్లికన్ అంటే ఏంటి?

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పేరు వినే ఉంటారు. దానికి అధినేత బ్రిటన్ రాజు లేదా రాణి. ఆ చర్చితో పాటు, దాని నుంచి వివిధ దేశాల్లో ఏర్పడిన సంఘాలన్నింటినీ కలిపి ఆంగ్లికన్ చర్చిలు అంటారు. కొన్ని చర్చిలు, వాటి సంఘాలు కలిస్తే ఒక డయోసిస్. దాని పెద్ద బిషప్. బిషప్ పీఠం ఉండే చర్చిని కెథడ్రల్ అంటారు.

మన దగ్గరికి ఇది మొదట సైన్యంతో పాటే వచ్చింది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. హుస్సేన్ సాగర్‌కు అవతల కంపెనీ దండు దిగింది. అదే తర్వాత సికింద్రాబాద్ అయింది. ఆ సైనికుల కోసం 1813లో సెయింట్ జాన్స్ చర్చి, 1847లో బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి వచ్చాయి. 1983లో ఎలిజబెత్ రాణి హైదరాబాద్ వచ్చినప్పుడు తన పెళ్లి రోజున ప్రార్థనకు వెళ్లింది ఈ బొల్లారం చర్చికే.

అక్కడ ఆరాధన ఇంగ్లిష్‌లో. వచ్చేవాళ్లు తెల్ల అధికారులు, సోల్జర్లు. అయితే దండుతో పాటు మద్రాసు వైపు నుంచి తమిళం మాట్లాడే సిపాయిలు, వంటవాళ్లు, పనివాళ్లు కూడా వచ్చారు. సికింద్రాబాద్‌లో ఇప్పటికీ తమిళ కుటుంబాలు ఎక్కువగా ఉండటానికి ఒక కారణం ఇదే. అంటే ఏ భాషలో ప్రార్థన జరుగుతోందో చూస్తే, ఆ చర్చికి ఎవరు వచ్చారో, ఎవరి మాట చెల్లిందో అర్థమైపోతుంది.

తిరునెల్వేలి నుంచి డోర్నకల్‌కు

డోర్నకల్ కథ మాత్రం దండుతో మొదలవ్వలేదు. 1903లో తమిళనాడులోని తిరునెల్వేలి క్రైస్తవులు సొంతంగా ఒక సంస్థ పెట్టుకున్నారు. పేరు ఇండియన్ మిషనరీ సొసైటీ. రూల్ సింపుల్.. డబ్బు మనదే, మనుషులు మనవాళ్లే, నిర్వహణా మనదే. వాళ్లు పనిచేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం.

ఆ సంస్థ పెట్టినవాళ్లలో ముఖ్యుడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో వెళ్లాళన్‌విళై అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి అక్కడి చర్చి గురువు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివి, వైఎంసీఏలో పద్నాలుగేళ్లు పనిచేశాడు. వేరేవాళ్లను పంపి ఊరుకోలేదు. 1909లో గురువుగా అభిషేకం పొంది తానే డోర్నకల్ వచ్చేశాడు.

వచ్చాక తెలుగు మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఒక్కసారి సీన్ ఊహించుకోండి. ఆయన మాతృభాష తమిళం. చదువు, చర్చి ఉత్తరాలు ఇంగ్లిష్. రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ. చుట్టుపక్కల తండాల్లో లంబాడీ. చర్చికి వచ్చే జనం మాట్లాడేది తెలుగు. తెల్ల దొర అయితే దుబాసీని పెట్టుకుని నడిపించేవాడేమో. అజరయ్య ఆ పని చేయలేదు. జనం భాషే చర్చి భాష కావాలని పట్టుబట్టాడు.

బిషప్ చేయాలంటే ఎందుకంత గొడవ?

1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్య చేసిన ప్రసంగం కలకలం రేపింది. తెల్ల మిషనరీలు త్యాగాలు చేశారని ఒప్పుకుంటూనే, భారతీయులను సమానులుగా, స్నేహితులుగా చూడటం లేదని ముఖం మీదే చెప్పేశాడు.

ఆ తర్వాత మద్రాస్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయన్ను బిషప్ చేయాలని ప్రతిపాదించాడు. వెంటనే అభ్యంతరాలు. ఒక భారతీయుడి కింద ఇంగ్లిష్ గురువులు పనిచేస్తారా అన్నదే అసలు సందేహం. చివరికి నిజాం రాజ్యంలో ఒక మూల చిన్న డయోసిస్ ఏర్పాటు చేశారు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్యను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ చరిత్రలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే.

ఆ చిన్న డయోసిస్ చిన్నగా ఉండిపోలేదు. తర్వాతి కాలంలో కృష్ణా జిల్లాలో ఇంగ్లిష్ మిషన్లు 1841 నుంచి నడిపిస్తున్న సంఘాలు కూడా దాని కిందకు వచ్చాయి. ఏ సందేహంతో ఆయనకు అడ్డు చెప్పారో, సరిగ్గా అదే జరిగింది. ఇంగ్లిష్ గురువులు తమిళ బిషప్ కింద పనిచేశారు.

చర్చికి వచ్చిందెవరు?

ఎక్కువ మంది మాల, మాదిగ కుటుంబాల వాళ్లు. పగలంతా పొలాల్లో కూలి. అందుకే ఊళ్లలో ప్రార్థనలు చాలావరకు పని ముగిశాక, పొద్దుగూకాకే. పంతులు పొద్దున బడి నడిపేవాడు, రాత్రి ప్రార్థన చేయించేవాడు. చాలా ఇళ్లలో అక్షరం ముక్క నేర్చిన మొదటి తరం అదే.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన ప్రార్థన క్రమం అలాగే ఉంది, కానీ తెలుగులో. దానికి తోడు తెలుగు కీర్తనలు, భజనలు, కోలాటాలు. పంట చేతికొచ్చినప్పుడు కృతజ్ఞతా పండుగలు. చర్చిలోకి వచ్చాక కులం ఉండకూడదన్నది అజరయ్య గట్టి మాట. చెప్పినంత తేలిక కాదు. మాల, మాదిగల మధ్య దూరం చర్చి గుమ్మం దాటగానే మాయమైపోలేదు. ఆయన జీవితాంతం చేసిన పోరాటాల్లో అదొకటి.

విమర్శలూ వచ్చాయి. సామూహిక మత మార్పిడులను గాంధీ గట్టిగా వ్యతిరేకించారు. 1930లలో ఇద్దరి మధ్య ఈ విషయంలో తీవ్రమైన విభేదాలు నడిచాయి. అదే అజరయ్య క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు మాత్రం వద్దన్నాడు. సంఘం దేశం నుంచి విడిగా గిరి గీసుకుని కూర్చోకూడదన్నది ఆయన వాదన.

కట్టడంలోనూ అదే మాట

తెలంగాణలో చర్చి అంటే చాలామందికి మెదక్ గుర్తొస్తుంది. 1924లో ప్రారంభమైన ఆ చర్చిని కట్టించింది ఇంగ్లిష్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. యూరప్ గోతిక్ శైలి, ఆకాశాన్ని తాకే గోపురం. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ దగ్గరికెళ్తే సీన్ వేరు. మసీదులను గుర్తుచేసే గుమ్మటాలు. లోపల దక్షిణాది గుళ్లలో కనిపించే తరహా రాతి స్తంభాలు. వాటిపై శిలువతో పాటు తామర పూలు. ఇక్కడి మనిషి లోపలికి అడుగుపెడితే పరాయి ఇంట్లోకి వచ్చినట్టు అనిపించకూడదన్న ఆలోచన అది.

పని ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. ఆ తేదీ ఊరికే పెట్టింది కాదు. ఎపిఫనీ పండుగ రోజు అదే. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసును చూడటానికి వచ్చారని చెప్పుకునే రోజు.

కలిశారు.. కానీ అందరూ కాదు

ఇన్ని మిషన్లు, ఇన్ని శాఖలు ఎందుకన్నది అజరయ్యను వెంటాడిన ఇంకో ప్రశ్న. ఇంగ్లండ్‌లో ఎప్పుడో జరిగిన గొడవలతో తెలుగు పల్లెలో కూలి మనిషికి ఏం సంబంధం? 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో ఆంగ్లికన్లు, ఇతర ప్రొటెస్టెంట్ సంఘాలు ఒక్కటవ్వాలన్న ప్రకటన వెలువడింది. ఆ సమావేశానికి అధ్యక్షత వహించింది అజరయ్యే.

ఆ కల నిజమవ్వడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా పుట్టింది. మనం రోజూ బోర్డుల మీద చూసే సీఎస్ఐ అంటే అదే. కానీ అది చూడటానికి అజరయ్య లేడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. ఆయన డయోసిస్‌లో కూడా అందరూ కలవలేదు. నంద్యాల ప్రాంత ఆంగ్లికన్లలో చాలామంది 1947లో సీఎస్ఐలో చేరకుండా, చాలా ఏళ్లు విడిగానే ఉండిపోయారు.

ఇప్పుడేంటి?

సికింద్రాబాద్ సెయింట్ జాన్స్, బొల్లారం ట్రినిటీ ఇప్పుడు సీఎస్ఐ మెదక్ డయోసిస్‌లో ఉన్నాయి. ఒకప్పుడు తెల్ల సోల్జర్లు కూర్చున్న బెంచీల మీద ఇప్పుడు మనవాళ్లే కూర్చుంటున్నారు. డోర్నకల్ ఇప్పటికీ ఒక డయోసిస్‌కు కేంద్రం.

బోర్డు మీద రెండు మూడు భాషల టైమింగ్స్ కనిపిస్తే అది ఒట్టి టైమ్ టేబుల్ కాదు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరు ముందు వరుసలో కూర్చున్నారు, ఎవరు ఎప్పుడు లోపలికి రాగలిగారు.. ఈ లెక్క అంతా అందులోనే ఉంది. ఈసారి విజయవాడ రైలెక్కితే డోర్నకల్ జంక్షన్‌లో దిగి ఆ రాతి స్తంభాల మధ్య కాసేపు కూర్చుని రండి. తెలుగు రాకుండా వచ్చిన ఒక మనిషి, తెలుగువాళ్ల కోసం కట్టించిన చర్చి అది.