ఒక మాయాపేకకు ముక్కలు

పేకముక్క యనగానే మన వైపు పెద్దల కనుబొమలు ముడివడును. పండుగ దినములలో మామిడితోటలోనో చెరువుగట్టుననో కూర్చున్న గోష్ఠి, దానిపైకి హఠాత్తుగా దిగిన పోలీసు జీపు, మరునాడు జిల్లా పేజీలో పట్టుబడిన నగదు మొత్తముతో సహా వెలువడిన వార్త, ఈ మూడును కలిసి పేకకు తెచ్చిపెట్టిన అపకీర్తి సామాన్యమైనది కాదు. అందుచేత సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో ఇంటరు చదువుచున్న కుర్రవాడొకడు “నేను పేకముక్కలు గీయుచున్నాను, పోటీకి పంపవలెను” అని ఇంట చెప్పినచో, తండ్రి మొదట అడుగు ప్రశ్న ఎట్టిదై యుండునో ఊహింపవచ్చును. ఆ తండ్రికి నిదానముగా సమాధానము చెప్పు ఓపిక ఆ కుర్రవానికి ఉండదు గనుక, ఆ పనిని ఈ వ్యాసము తలకెత్తుకొనుచున్నది.

ఇస్పేటు, కళావరు, ఆఠీను, డైమను అను నాలుగు రంగులలో 52 ముక్కలుగా మనమెరిగిన పేకయందు ఆట నియమములు ముక్కలకు వెలుపల, ఆడువారి బుద్ధిలో ఉండును. ఆసునకు విలువ యెంతయో, ఏది తురుపో ముక్కపై వ్రాసియుండదు. గణితశాస్త్రమున పరిశోధన చేసిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ అను అమెరికా దేశస్థుడు కల్పింపగా 1993లో వెలువడిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అను ఆట ఈ పద్ధతిని తలక్రిందులు చేసినది. దానిలో ప్రతి ముక్కయు తన శాసనమును తన మీదనే ధరించి వచ్చును: పైన పేరు, పేరు ప్రక్కన దానిని దించుటకు చెల్లింపవలసిన వెల, నడుమ చిత్రము, చిత్రము క్రింద అది ఆటలో ఏమి చేయునో తెలుపు రెండు మూడు వాక్యములు. ఆటగాడు తనకు నచ్చిన ముక్కలను కొని, స్నేహితులతో మార్చుకొని, తన కట్టను తానే కూర్చుకొని బరిలోనికి దిగును. ఎదుటివాని కట్టలో ఏమున్నదో ఇతనికి తెలియదు. 1996లో జపానున పోకెమాన్ ముక్కలు ఇదే త్రోవను పట్టినవి. మన ఊళ్ల బడి ప్రక్క దుకాణములలో పిల్లలు కొనుక్కొన్న క్రికెటు వీరుల, మల్లయోధుల ట్రంప్ కార్డులు ఈ వంశమునకు దూరపు చుట్టములు. వానిలో అంకెతో అంకెను పోల్చుటయే గాని, ముక్కకు స్వభావమనునది లేదు.

ఇట్టి ఆటలను ప్రేమించువారు కొంతకాలమునకు ఆడుటతో తృప్తి చెందక, తామే ముక్కలను కల్పించి ఒండొరుల కల్పనలను తూచుకొనుట సహజము. మ్యాజిక్ ప్రచురణకర్తలే ఒకమారు ఆటగాళ్లను పిలిచి, ముక్క యొక్క జాతిని, శక్తిని, చిత్రమును, పేరును ఒక్కొక్క మెట్టున వారి ఓట్లచే నిర్ణయింపజేసి, 2003లో ‘ఫర్గాటెన్ ఏన్షెంట్’ అను ముక్కను అచ్చువేసిరి. అభిమానులు తమలో తాము నడుపుకొను పోటీల తీరు ఇంకను సరదాగా నుండును. నిర్వాహకుడొక నిబంధన విధించును: ఈ పర్యాయము ముక్కలో నది యుండవలెననియో, వెల మూడునకు మించరాదనియో, శాసనము రెండు వాక్యములలో ముగియవలెననియో. దానికి లోబడి అందరును తమ తమ ముక్కలను సమర్పింతురు. అవధానమున నిషిద్ధాక్షరికి కూర్చున్న కవి పాట్లను చూచి ఆనందించిన తెలుగువారికి ఈ పోటీలోని రుచిని వేరుగా చెప్పనక్కరలేదు.

నిజమునకు ముక్కలను కల్పించు వేడుక మన దేశమున చాల పాతది. 1527లో సింధుదేశపు షాహ్ హసనునకు గంజీఫా యను పేకకట్ట నొకదానిని పంపినట్లు బాబరు తన స్మృతులలో వ్రాసికొనినాడు. ఆతని మనుమడగు అక్బరు కాలపు పేకలో పన్నెండు రంగులు, 144 ముక్కలు ఉండెననియు, అశ్వపతి, గజపతి, నరపతి, వనపతి, అహిపతి ఇత్యాది నామములతో ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క ప్రభువుండెననియు అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో వర్ణించినాడు. గుఱ్ఱములకును ఏనుగులకును ప్రక్కనే పాములకు కూడ ఒక రాజును, ఒక మంత్రిని, ఒక సేనను కల్పించిన ఆ మనస్సు నేటి మాయాముక్కల శిల్పులకు ముత్తాతయే యనవచ్చును. పిమ్మట ఈ పేక దశావతారముల కట్టగా రూపొందినది: పది అవతారములకు పది రంగులు, ఒక్కొక్క రంగున రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వరకు అంకెముక్కలు, వెరసి 120 గుండ్రని ముక్కలు. గుడ్డపొరలను చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, నునుపు జేసి, రంగులు దిద్ది, లక్కపూత పూయుట చాలచోట్ల కనబడు పద్ధతి. తెలంగాణమున నిర్మల్, రాయలసీమలో నొస్సము ఈ పనికి పేరుగన్న తావులు.

చిత్రములకంటె నన్ను ఎక్కువగా ఆకర్షించునవి గంజీఫా నియమములు. సగము రంగులలో అంకెముక్కలకు పదియే పెద్ద, ఒకటియే చిన్న. తక్కిన సగములో రాజునకును మంత్రికిని తరువాత ఒకటియే పెద్ద, పది అన్నిటికంటె అల్పము. అనగా చేతిలోని ముక్క బలమైనదో బలహీనమైనదో తెలియుటకు అంకె చాలదు, అది ఏ లోకమునకు చెందినదో గూడ జ్ఞాపకముంచుకొనవలెను. మొగలాయి ఎనిమిది రంగుల పేకలోనైతే పగటివేళ ఆడినచో బంగారునాణెపు రంగు రాజు గలవాడు ఆట మొదలిడును, రాత్రివేళ ఆడినచో వెండినాణెపు రంగు రాజు గలవాడు. ఆకాశమున సూర్యచంద్రులలో ఎవరున్నారో చూచి ముక్క వేయుమనిన ఆ నియమకర్త పేరు తెలిసియుండిన నేను ఆతనికి నమస్కరించి యుందును. మైసూరు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు పేరు మాత్రము మనకు తెలియును. 1868లో గతించిన ఆ రాజు శ్రీతత్త్వనిధి యను బృహద్గ్రంథమున కౌతుకనిధి యను భాగములో తాను కల్పించిన పేకలను సవివరముగా వర్ణింపజేసినాడు: నవగ్రహముల కట్టకు 216 ముక్కలు, చాముండేశ్వరి కట్టకు 320. ఆ 320 ముక్కలను కలిపి పంచవలసివచ్చిన ఆస్థానికుల అవస్థ వేరు సంగతి.

ఇక కల్పనకు కూర్చున్నవాడు మొట్టమొదట తేల్చుకొనవలసినది వెల. పదునారేండ్ల ప్రాయమున ఎవడైనను తొలుత కల్పించు ముక్క ఒక్కటే: అది అందరిని చంపును, దానిని ఎవ్వరును చంపలేరు. గార్‌ఫీల్డునకే ఈ ప్రమాదము తప్పలేదు. ఆతని తొలి ముద్రణలోని ‘బ్లాక్ లోటస్’ అను ముక్క ఏ వెలయు లేకయే దిగి, ఆటగాని కోశములో ఒక్కసారిగా మూడు పాళ్ల శక్తిని పోయును. ఎదుటివాడు ఒక అడుగు వేయునప్పటికి ఇతడు నాలుగడుగులు వేసియుండును. నేడది వేలములలో లక్షల డాలర్లు పలుకుచున్నది. పోటీ ఆటలలో మాత్రము దాదాపు అన్ని పద్ధతులలోను దానికి ప్రవేశము లేదు. సేకరించువానికి రత్నమైన ముక్క ఆడువానికి చేటైనది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మన మూడు ఊళ్ల చుట్టుప్రక్కల చెప్పుకొను కథలలో నాకు నచ్చినదేమనగా, వానిలో అద్భుతమునకు వెల ముందే కట్టబడియున్నది. మిర్యాలగూడకు చేరువగా, మూసీ కృష్ణలో కలియు వాడపల్లి యున్నది గదా. అచటి అగస్త్యేశ్వరుని స్థలపురాణము వినుడు. బోయ తరుమగా ఒక పక్షి శివుని శరణుజొచ్చినదట. తన యాహారమును తన కిమ్మని బోయ పట్టుబట్టగా, పక్షికి బదులు నా తలలోని మాంసమును తీసికొమ్మని స్వామి పలికెనట. బోయ గిల్లిన వ్రేళ్ల గురుతులే లింగముపై గుంటలై నిలిచినవనియు, ఆ గాయమును కడుగుటకు వచ్చిన గంగయే శిరస్సుపై గుంటలో ఎంత తోడినను తరుగని నీరై యున్నదనియు భక్తులు చెప్పుకొందురు. దీనిని ముక్కగా మార్చుటకు చేయవలసిన శ్రమ ఏమున్నది? ఇది స్థలజాతి ముక్క. “ఎదుటివాడు నీ ప్రాణిని కొట్టినపుడు, నీ ఆయువులో రెండు పాళ్లు విడిచి ఆ ప్రాణిని తిరిగి చేతిలోనికి తీసికొనవచ్చును. ఈ స్థలమున నీరు అడుగంటినచో, నీ వంతు మొదట ఒక పాలు ఊరును.” కథ తెలియనివాడు నియమమును చదివి ఆడును, తెలిసినవాడు ఆ రెండు పాళ్ల ఆయువు ఎచటినుండి వచ్చినదో ఎరిగి మురియును. అదే ఊరి నరసింహస్వామి గర్భాలయమున స్వామి ముఖమునకు సమముగా నున్న దీపము ఆయన ఉచ్ఛ్వాసనిశ్వాసములకు రెపరెపలాడుచుండుననియు, పాదములకడ దీపము నిశ్చలముగా వెలుగుననియు ప్రసిద్ధి. ఒకటి ప్రతి వంతునను నాణెమెగురవేసి నిలుపుకొనవలసిన దీపము, రెండవది కొద్దిపాటి వెలుగునే ఇచ్చినను ఆరని దీపము. జంటముక్కలకు ఇంతకంటె మంచి సామగ్రి వెదకినను దొరకదు.

సూర్యాపేట వైపు వచ్చినచో పిల్లలమర్రి కలదు. కాకతీయుల సామంతులగు రేచెర్ల రెడ్ల నాటి ఆలయములు, ఎరకసాని కట్టించిన ఎరకేశ్వరము అచటివి. ఆ ఊరే ఇంటిపేరుగా గల పదునైదవ శతాబ్దపు కవి పినవీరభద్రుడు జైమినిభారతమును సాళువ నరసింహునకు అంకితమిచ్చినాడు. కావ్యమును వ్రాసియిత్తునని మాటయిచ్చి, గడువు తీరువరకు గంటము పట్టక, తుది రాత్రి తలుపు బిగించుకొని కూర్చున్న ఆ కవి గదిలోనికి తొంగిచూచినవారికి సాక్షాత్తు వాగ్దేవియే వ్రాయుచు కనబడినదని లోకమున కథ కలదు. దీనికి నేను వ్రాయదగిన శాసనమిది: “వరుసగా మూడు వంతులు ఏ ముక్కయు దింపకుండిన పిమ్మటనే దీనిని దింపవచ్చును. వెల లేదు. చేతిలోని ముక్కలన్నిటిని ఒక్కమారే దింపుము.” ఇచట వెల ధనము కాదు, సోమరితనము, ఆ మూడు వంతులు ఎదుటివాని దెబ్బలు కాచుకొనుటయే అసలు చెల్లింపు.

ఆటకు కావలసిన ఇంధనమును మిర్యాలగూడ సమకూర్చును. పాశ్చాత్యుల ఆటలో మంత్రశక్తి నేలనుండి పుట్టును. మన ఆటలో అది వడ్లనుండి పుట్టినచో తప్పేమి? నాగార్జునసాగరము ఎడమ కాలువ ముక్క ప్రతి వంతునను వడ్లనిచ్చును. బియ్యపుమిల్లు ముక్క మూడు పాళ్ల వడ్లను మరపట్టి రెండు పాళ్ల బియ్యము చేయును. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చిబియ్యమను ప్రభుత్వపు లెక్క ఎరిగిన మిల్లుయజమాని ఈ నిష్పత్తిని చూచి తల యూపును. హైదరాబాదు–విజయవాడ రహదారిపై ఆంధ్ర సరిహద్దునకు దగ్గరగా నున్న కోదాడకు ఎల్లదాటు గుణమే సహజము: ఒక ప్రాణి ఒక వంతు కాలము అవతలి పక్షమున కొలువు చేసి తిరిగివచ్చును. దురాజుపల్లి పెద్దగట్టు జాతర రెండేండ్ల కొకమారు వచ్చునది గాన, అందు దేవతామూర్తులను మోసికొనివచ్చు దేవరపెట్టె పేరిటి ముక్క వంతు విడిచి వంతున మేల్కొనవలెను. ‘ఓ లింగా’ యను పొలికేక దాని శక్తికి పేరు.

దేవతలను ముక్కలపై వేయవచ్చునా యను శంక న్యాయమైనదే. గంజీఫాకారులు అవతారమూర్తులను రాజు స్థానమున కూర్చుండబెట్టిరి. ఆ రంగులో వారిని కొట్టు ముక్క లేదు. నా మట్టుకు, పోటీముక్కలో దేవుని ప్రాణిగా దింపి ఓ అల్పజంతువుచే ఓడింపజేయుట కంటె, ఆయన వెలసిన చోటును స్థలముక్కగా నిలుపుటయే మర్యాదగా తోచును. చిత్రముల విషయమున ఇంకొక మాట. మన పిల్లల చేయి ఊరకుండినచో గబ్బిలపు రెక్కలు, నోట మంటలు గల విదేశపు డ్రాగను వైపే పోవుచున్నది. సూర్యాపేట జిల్లాలోనే పడగవంటి కొండపై ఫణిగిరి బౌద్ధక్షేత్రమున్నది. దాని శిల్పములు 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియమున ‘ట్రీ అండ్ సర్పెంట్’ ప్రదర్శనలో కొలువుదీరినవి. అంత దూరపువారు తెప్పించుకొని చూచిన రాతిపనిని, బస్సెక్కి పోగల దూరములో నున్నవాడు చూడకుండ, యంత్రమునకు నాలుగు మాటలు చెప్పి అది గీసియిచ్చిన డ్రాగనును పోటీకి పంపినచో, న్యాయనిర్ణేత దానిని ప్రక్కకు నెట్టుట అన్యాయము కాదు.

అచ్చుపనిలో తెలుగునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. ఈ ముక్కల సామాన్య పరిమాణము 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల నిడివి. ఇంగ్లీషు ఆట నుండి తీసికొన్న చట్రములో తెలుగు పోసినచో, పై పంక్తిలోని ఒత్తులు క్రింది పంక్తిలోని గుడులతో పెనవేసికొని ‘క్ష్మ’ యేదో ‘స్త్ర’ యేదో తెలియకుండ పోవును. కావున పంక్తుల నడుమ ఎడము పెంచవలెను. ఎడము పెంచిన చోటు తరుగును. చోటు తరిగిన వాక్యము కుదింపవలెను. నాలుగు వైపులను 3 మిల్లీమీటర్ల కోతభాగమును విడువనివాని ముక్కకు చిత్రపు అంచున తెల్లగీత పడును.

వీని అన్నిటికంటె ముందు, కుంచె ముట్టకమునుపే, పాత నోటుపుస్తకపు కాగితములను ముక్కలుగా కోసి, పెన్సిలుతో పేరును, వెలను, నియమమును వ్రాసి, ఎదురుగా ఒకరిని కూర్చుండబెట్టుకొని ఆడి చూడవలెను. ఆ ఎదుటివాడు మొగమోటమి లేనివాడై యుండుట మేలు. వాడపల్లి ముక్క చేతికి వచ్చిన ప్రతివాడును గెలుచుచున్నచో రెండు పాళ్ల ఆయువును మూడు చేయవలెను; ఎవ్వరును దానిని దింపక చేతిలోనే మురుగబెట్టుచున్నచో, నీరు ఒక పాలునకు మారుగా రెండు పాళ్లు ఊరనిచ్చి, మరల కలిపి, మరల పంచవలెను.