తుపాకీ ఒకటే... తూటాకో తీరు!

బ్యాంకు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న గన్‌మన్ ఒళ్లోని జంట గొట్టాల తుపాకీని చూడని వాళ్లుండరు. లైసెన్సు కాగితంలో దాని పేరు ‘డీబీబీఎల్ 12 బోర్’. పాత సినిమాల్లో జమీందారు హాల్లో గోడకు వేలాడేదీ ఎక్కువగా ఇదే. రైఫిళ్లూ పిస్టళ్లూ ఎన్ని వచ్చినా ఈ షాట్‌గన్ మాత్రం తన చోటు వదల్లేదు.

కారణం దాని గొట్టంలోనే ఉంది. రైఫిల్ గొట్టం లోపలి గోడకు మెలితిరిగిన గాళ్లుంటాయి. అవి గుండును గిర్రున తిప్పుతూ సూటిగా దూరం పంపుతాయి. షాట్‌గన్ గొట్టం మామూలుగా లోపల నున్నగా ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల సీసపు గుండ్లు వందలకొద్దీ పోసిన తూటా అయినా, ఎనిమిది మిల్లీమీటర్లు దాటినవి తొమ్మిది పేర్చినదైనా, అడవిపందిని పడగొట్టే ఒకే ఒక్క లావుపాటి గుండు ఉన్నదైనా ఆ గొట్టానికి అభ్యంతరం లేదు. 

‘12’ లెక్క కూడా తమాషాగా ఉంటుంది. పౌండు సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, అందులో ఒక్కటి సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. వెడల్పు దాదాపు 18.5 మిల్లీమీటర్లు. అందుకే 20 బోర్ కన్నా 12 బోరే పెద్దది.

మొదట్లో ఇది పిట్టల వేటగాడి సరంజామా. మూతి లోంచి మందు పోసి, గుడ్డ కుక్కి, గుండ్లు వేసి, మళ్లీ కుక్కి, కడ్డీతో దట్టించేసరికి బాతుల గుంపు చెరువు దాటిపోయేది. గుండ్ల తయారీ ఇంకో తలనొప్పి. ఒకటి గుండ్రంగా వస్తే ఇంకొకటి సొట్టగా వచ్చేది. ఈ చిక్కును 1782లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో విలియం వాట్స్ అనే ప్లంబర్ విప్పాడు. ఉన్న ఇంటి మీదే గోపురం లేపాడు, కింద నేల తవ్వించాడు. పైనుంచి కరిగిన సీసాన్ని జల్లెడ గుండా వదిలితే, చుక్కలు పడుతూ పడుతూ గాలిలోనే గుండ్రమై, అడుగున ఉన్న నీళ్లలో చల్లారేవి. తర్వాత ఈ గోపురాలు చాలా ఊళ్లలో లేచాయి. 1828లో అమెరికాలోని బాల్టిమోర్‌లో కట్టిన 234 అడుగుల గోపురం ఇప్పటికీ నిలిచే ఉంది.

1830లలో పారిస్‌లో లెఫోషూ అనే తుపాకుల తయారీదారు తుపాకీని మధ్యకు మడిచి వెనక నుంచి తూటా పెట్టే పద్ధతి తెచ్చాడు. 1870లలో బర్మింగ్‌హామ్ వాడు గ్రీనర్ గొట్టం మూతిని కాస్త నొక్కి ఇరుకు చేసే ‘చోక్’ను సానబెట్టాడు. ఆ ఇరుకు మామూలుగా మిల్లీమీటరుకు మించదు, కానీ గుండ్లు ఎంత విరజిమ్ముకోవాలో తేల్చేది అదే.

పక్షుల్ని కాపాడమన్న శాస్త్రం కూడా ఈ తుపాకీకి రుణపడింది. 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన సలీం అలీ నమూనాలు సేకరించింది తుపాకీతోనే. చర్మం చెడకుండా చిన్న పిట్టల్ని కొట్టడానికి అప్పటి శాస్త్రవేత్తలు ఇసుకలాంటి సన్న గుండ్లు వాడేవారు. ఇప్పుడు వింటే మనసొప్పదు కానీ, నేటి పక్షి పుస్తకాల పునాది ఆ నమూనాలే.

మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు పంప్ షాట్‌గన్లను కందకాల్లోకి దించారు. అవి అనవసరమైన బాధ పెడుతున్నాయని 1918 సెప్టెంబరులో జర్మనీ అధికారికంగా నిరసన తెలిపింది. విషవాయువు వదిలిన దేశం నోట ఆ మాట! అమెరికా ఆ నిరసనను తోసిపుచ్చింది.

1900 పారిస్ ఒలింపిక్స్ వేళ బతికున్న పావురాలను ఎగరేసి కాల్చారు. తర్వాత వాటి చోటు మట్టి పళ్లేలది. ఇప్పటి ట్రాప్ పోటీలో పళ్లెం 110 మిల్లీమీటర్లే. దూసుకుపోయేది గంటకు వంద కిలోమీటర్ల వేగంతో. తూటాలో 24 గ్రాములకు మించి సీసం ఉండకూడదు. 1992 బార్సిలోనాలో ఆడామగా కలిసి తలపడిన స్కీట్ అనే మరో పళ్లేల పోటీలో చైనా అమ్మాయి జాంగ్ షాన్ 225కి 223 కొట్టి స్వర్ణం పట్టుకుపోయింది. తర్వాతి ఒలింపిక్స్‌లో ఆ పోటీని మగవాళ్లకే పరిమితం చేశారు! 2004 ఏథెన్స్‌లో మన రాజ్యవర్ధన్ రాథోడ్ వెండి పతకం గెలిచిందీ మరో షాట్‌గన్ పోటీ డబుల్ ట్రాప్‌లోనే. 2016 రియోలో ట్రాప్ బరిలో దిగిన కైనన్ చెనాయ్ మన హైదరాబాదీ.

షాట్‌గన్‌కు వింత కొలువులూ ఉన్నాయి. సిమెంటు ఫ్యాక్టరీల్లో తిరిగే కొలిమి లోపల గట్టిపడిన పెచ్చుల్ని పగలగొట్టడానికి 8 బోర్ తుపాకీ ఉంది. సోవియట్ వ్యోమగాములకైతే రెండు నున్నటి గొట్టాలు, ఒక రైఫిల్ గొట్టం ఉన్న ప్రత్యేక ఆయుధం ఇచ్చారు. నేలకు దిగేటప్పుడు దారితప్పి అడవిలో పడితే తోడేళ్ల నుంచి కాచుకోవడానికి!

కశ్మీర్‌లో ‘పెల్లెట్ గన్’ అని వార్తల్లో వినేది బొమ్మ తుపాకీ కాదు, ఎయిర్ గన్నూ కాదు. అసలు సిసలు 12 బోర్ పంప్ షాట్‌గన్. ప్రాణం తీయని ఆయుధమని 2010లో దించారు. 2016 అల్లర్లలో ఎందరో యువకులు, పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. నడుము కిందికే కాల్చాలని నిబంధన. తూటాలోంచి చెదిరే వందల గుండ్లను నడుము కిందే ఆపగల గురి ఏ జవానుకూ ఉండదు. ఆ తూటా పిట్టల కోసం పుట్టింది, జనం మీద వాడదగ్గది కాదు.