ఫోన్ చార్జర్‌తో హాల్లో సెలయేరు

రీల్స్‌లో కనిపించే ఇండోర్ ఫౌంటెన్లలో అన్నీ ఉంటాయి, నీళ్ల చప్పుడు తప్ప. దాని మీద ఏదో ఒక పాట వేసేస్తారు. ఇంట్లో పెట్టుకున్నాక మాత్రం రోజూ మనకు వినపడేది ఆ చప్పుడే.

మాది మెయిన్‌రోడ్డు పక్క ఫ్లాట్. హారన్ల మోత మధ్య కాస్త గలగల వినపడితే చాలనుకున్నా. అటక మీద అమ్మమ్మ ఇత్తడి గంగాళం ఉంది. అమ్మ ఇచ్చింది గానీ షరతు పెట్టింది: "ఒక్క దోమ కనబడిందా, ఇది మళ్లీ అటకెక్కుద్ది." కిందింటి పిల్లాడు డెంగీతో వారం రోజులు ఆసుపత్రిలో ఉండొచ్చాడు మరి.

ముందు పంపు సంగతి. అక్వేరియం షాపులో ఎక్కువగా 230 వోల్టులవే చూపిస్తారు. ఇత్తడి పాత్ర, నిండా నీళ్లు, అందులో ఇంటి కరెంటు... నా వరకు వద్దనే అంటా. 5 వోల్టుల యూఎస్‌బీ పంపు తీసుకున్నా. ఫోన్ చార్జర్‌తో నడుస్తుంది, కాకపోతే చార్జర్ ఫుట్‌పాత్ మీద కొన్నది కాకూడదు. రెండు వాట్ల పంపు రోజుకు పది గంటలు తిరిగినా నెలకు ఒక్క యూనిట్ కూడా కాలదు. పెట్టె మీద 'గరిష్ఠ ఎత్తు 1 మీటరు' అని ఉంటే, మీటరు ఎత్తున ధార దూకుతుందని కాదు. అక్కడిదాకా ఎక్కి ఆగిపోతుందని. మనకు జానెడు ఎక్కితే చాలు.

నర్సరీలో దొరికే చిన్న మట్టి కుండీ అంచుకి ఆకురాయితో గాడి చేసి, పంపు మీద బోర్లించా. గాడిలోంచి నీళ్లు లోపలికి, తీగ బయటికి. కుండీ అడుగున చిల్లు ఎలాగూ ఉంటుంది కదా, ట్యూబు అందులోంచి పైకి. పైన దీపావళి ప్రమిద, మూతి కాస్త కిందికి వాలేట్టు. ట్యూబు కొసను ప్రమిదలోకి వంచి గులకరాయి అడ్డం పెడితే అయిపోయింది.

అసలు పనంతా చప్పుడు దగ్గరే. జానెడు ఎత్తు నుంచి పడితే ఎవరో కుళాయి కట్టడం మర్చిపోయారని ఇంట్లోవాళ్లు లేచి చూస్తారు. రాయి మీద పడితే తుంపర్లే. నీళ్లు కుండీ నడుం దాటేదాకా పోసి, ధార మూడు వేళ్ల ఎత్తు నుంచి నీళ్లలోకే పడేట్టు చేస్తే గలగల వచ్చింది. ఆ గలగల నిజానికి నీళ్లలో చిక్కిన గాలి బుడగలది. మార్సెల్ మిన్నార్ట్ అనే ఖగోళ శాస్త్రవేత్త 1933లోనే ఈ లెక్క తేల్చాడు: బుడగ పెద్దదైతే బొంగురు గొంతు, చిన్నదైతే సన్నం. (నక్షత్రాలు చూసే మనిషికి బుడగలతో ఏం పనో!) నాకు దీనితో ఇంకో లాభం. నీళ్లు ఆవిరై మట్టం తగ్గితే ధార ఎత్తు పెరిగి చప్పుడు మారిపోతుంది. అప్పుడు ఓ చెంబుడు పోస్తా. పంపును చల్లబరిచేవి నీళ్లే, అవి లేకుండా తిరిగితే మాడిపోతుంది.

బోరు నీళ్లయితే ప్రమిద మూతికి తెల్లటి పొర కడుతుంది. నిమ్మచెక్కతో వదులుతుంది. ఆర్వో వదిలేసే నీళ్లు అసలే వద్దు, ఉప్పంతా వాటిలోనే ఉంటుంది.

ఇక దోమలు. పారే నీళ్లలో గుడ్లు పెట్టవని నమ్మి కూర్చోలేం, రాత్రి పంపు ఆపేస్తాం కదా. డెంగీ దోమకు ఇంట్లో నిలవున్న మంచినీళ్లంటేనే ఇష్టం. గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు. అందుకే ఆదివారం ఆదివారం మొత్తం ఒంపేస్తా. అంతటితో సరిపోదు. గుడ్లు నీళ్లకు కొంచెం పైన, పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు. కాబట్టి లోపలి గోడలు పీచుతో గట్టిగా రుద్దాల్సిందే. చింతపండు వేస్తే ఇత్తడి కూడా మెరుస్తుంది, అమ్మా శాంతిస్తుంది. "గప్పీలు వేస్తే లార్వా తినేస్తాయిగా" అని ఫ్రెండ్స్ అంటారు. ఇత్తడిలో ఉండేది రాగి, అది నీళ్లలోకి దిగితే చేపలకే విషం. గప్పీలు కావాలంటే గాజు తొట్టి చూసుకోండి.

చార్జర్ నీళ్లకు దూరంగా, ఎత్తులో ఉండాలి. తీగ మాత్రం ప్లగ్గుకు వెళ్లేముందు ఓసారి కిందికి వేలాడాలి, జారిన చుక్క అక్కడే నేల మీద పడిపోతుంది. సంక్రాంతికి ఊరెళ్లేప్పుడు అన్నీ విప్పి, తుడిచి, గంగాళం బోర్లించి వెళ్తాం.