పడిశం పది రోగాల పెట్టు: దీర్ఘవ్యాధి ఉన్నవారికి ముందు జాగ్రత్తలు

పడిశం పది రోగాల పెట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆరోగ్యవంతుడైన యువకునికి నాలుగు రోజుల ముక్కుదిబ్బడతో పోయే జబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు, ఉబ్బసం, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి వంటివి ఉన్నవారిని ఆస్పత్రి పాలు చేయగలదు. రైతు కుటుంబంలో ఆ ఖర్చు పంట డబ్బులో నుంచో, చేబదులులో నుంచో రావలసిందే. గ్రామీణ పరపతి పత్రికలో జలుబు దగ్గుల ప్రస్తావన ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. వసూళ్ల కోసం గ్రామాలకు వెళ్ళే క్షేత్రాధికారులకు మొండిబాకీ వెనుక పంట నష్టంతోపాటు ఆస్పత్రి బిల్లు కూడా తరచుగా కనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసం.

గాలిలో తిరిగే వైరస్ మన చేతిలో లేదు. కాని జబ్బును ముదరబెట్టే మూడు పనులు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. రోజూ వేసుకునే మందు మానివేయడం, వాడరాని మందు వాడడం, వైద్యుని వద్దకు ఆలస్యంగా వెళ్ళడం. ఈ మూడింటినీ తప్పించుకోగలిగితే చాలావరకు గండం గడిచినట్లే.

జలుబు వేరు, ఫ్లూ వేరు

సాధారణ జలుబును కలిగించే వైరస్‌లు 200కు పైగా ఉన్నాయి. ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగరతో అది మెల్లగా మొదలై వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. ఇన్‌ఫ్లూయెంజా, అంటే ఫ్లూ, హఠాత్తుగా వస్తుంది. ఉదయం పొలానికి వెళ్ళిన మనిషి సాయంత్రానికి తీవ్రమైన జ్వరం, ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, పొడిదగ్గుతో మంచం పడతాడు. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వెలువడే తుంపరల ద్వారా ఇది ఇతరులకు సోకుతుంది. లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే రోగి ఇతరులకు అంటించగలడు.

ఫ్లూ చలికాలపు జబ్బు అని చాలామంది అభిప్రాయం. శ్రీనగర్ వంటి అతిశీతల ప్రాంతాల్లో అది నిజమే. అక్కడ జనవరి నుంచి మార్చి వరకు ఉద్ధృతి ఎక్కువ. దేశంలోని మిగిలిన ప్రాంతాల్లో అధిక భాగం వానాకాలంలో, అంటే జూలై నుంచి సెప్టెంబరు వరకు ఒకసారి, చలికాలం చివర మరొకసారి ఫ్లూ పెచ్చరిల్లుతుంది. మన లెక్కలో చెప్పాలంటే నాట్లు, కలుపుతీతల కాలంలో ఒకసారి, మిరప కల్లాల కాలంలో మరొకసారి. రెండూ ఇంటిల్లిపాది చేతులూ పొలంలో ఉండవలసిన రోజులే. 2009లో ప్రపంచమంతటినీ కలవరపరచిన హెచ్1ఎన్1 ఫ్లూ మన దేశంలో మొదట బయటపడింది హైదరాబాదులోనే. 2015 తొలి నెలల్లో అది మళ్ళీ విజృంభించి దేశంలో రెండు వేల మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది.

దీర్ఘవ్యాధి ఉన్నవారికే ప్రమాదం ఎందుకు?

శరీరం రోగక్రిములతో పోరాడేటప్పుడు కొన్ని హార్మోన్లు అధికంగా విడుదలవుతాయి. అవి రక్తంలో చక్కెరను పెంచుతాయి. అందువల్ల మధుమేహ రోగి రెండు పూటలు అన్నం తినకపోయినా చక్కెర పెరగవచ్చు. పెరిగిన చక్కెర రోగనిరోధక శక్తిని మరింత కుంగదీస్తుంది. ఉబ్బసం ఉన్నవారి శ్వాసనాళాలు ముందే వాచి ఉంటాయి. వైరస్ సోకగానే అవి ఇంకా ఇరుకవుతాయి. గుండెజబ్బు ఉన్నవారికి జ్వరం వల్ల గుండె వేగం పెరిగి, బలహీనమైన గుండెపై అదనపు భారం పడుతుంది. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గినా ప్రమాదమే, మోతాదు మించినా ప్రమాదమే.

ఏరువాకకు ముందే చేయవలసినవి

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం ఎంత అవివేకమో, జ్వరం వచ్చాక మందుల చీటీ వెతకడం కూడా అంతే. విత్తనం, ఎరువు సమకూర్చుకునే రోజుల్లోనే ఈ పనులు కూడా పూర్తి చేసుకోవాలి.

మొదటిది టీకా. ఫ్లూ వైరస్ తరచుగా రూపం మార్చుకుంటుంది కనుక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు టీకాలో చేర్చవలసిన రకాలను సూచిస్తుంది. ఈ టీకాను ప్రతి సంవత్సరం వేయించుకోవాలి. రక్షణ ఏర్పడటానికి సుమారు రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే, మే, జూన్ నెలల్లో వేయించుకోవడం మేలు. అప్పుడు వీలుకాకపోతే దసరా రోజుల్లోనైనా వేయించుకోవచ్చు. ఇంజెక్షన్‌గా ఇచ్చే టీకాలో సజీవ వైరస్ ఉండదు. దానివల్ల ఫ్లూ రాదు. ఒకటి రెండు రోజులు చేయి నొప్పి, స్వల్ప జ్వరం ఉండవచ్చు. ఈ టీకా మామూలు జలుబును ఆపదు. ఫ్లూను కూడా పూర్తిగా ఆపుతుందన్న హామీ లేదు. అయితే జబ్బు తీవ్రతను, ఆస్పత్రిలో చేరవలసిన అవసరాన్ని తగ్గిస్తుంది. న్యుమోనియాను కలిగించే న్యూమోకాకస్ క్రిమికి కూడా టీకా ఉన్నది. మీకు ఏవి అవసరమో వైద్యుడిని అడిగి తెలుసుకోండి.

రెండవది మందుల నిల్వ. రోజూ వాడే మందులు కనీసం రెండు వారాలకు సరిపడా ఇంట్లో ఉండాలి. రక్తపోటు, మధుమేహం మాత్రలను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇస్తారు. బయట కొనవలసి వస్తే జన ఔషధి కేంద్రాలలో తక్కువ ధరకు లభిస్తాయి.

మూడవది వైద్యుని వద్ద వ్రాయించుకోవలసిన చీటీ. జ్వరం వచ్చినా, వాంతులైనా ఏ మందు కొనసాగించాలి, ఏది తాత్కాలికంగా ఆపాలి అనే విషయాన్ని ఆరోగ్యంగా ఉన్నప్పుడే వ్రాయించుకోండి. ఆ కాగితాన్ని పాసుపుస్తకంతోపాటు భద్రపరచండి. ఇంట్లో మరొకరికి కూడా దాని సంగతి తెలిసి ఉండాలి.

మొదటి మూడు రోజులు

అన్నం సయించడం లేదని ఇన్సులిన్‌ను పూర్తిగా మానివేయరాదు. మోతాదు ఎంత ఉండాలో వైద్యుడు చెప్పాలి. గ్లూకోమీటర్ ఉంటే, ఇన్సులిన్ తీసుకునేవారు నాలుగు గంటలకు ఒకసారి పరీక్షించుకోవాలి. మాత్రలు వాడేవారి విషయం కొంత వేరు. కొన్ని మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. వాంతులు, విరేచనాలు అవుతున్నప్పుడు మెట్‌ఫార్మిన్ వంటి వాటిని వైద్యులు కొద్దిరోజులు ఆపమనవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే చక్కెర తగ్గిందని అనుమానించి, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించాలి. స్పృహ లేనివారికి మాత్రం నోటి ద్వారా ఏదీ ఇవ్వరాదు.

ఉబ్బసం ఉన్నవారు వైద్యుడు రోజూ వాడమన్న ఇన్‌హేలర్‌ను జలుబు రోజుల్లో అసలు మానరాదు. ఇన్‌హేలర్ అలవాటైపోతుందన్నది అపోహ. అది మందును నేరుగా ఊపిరితిత్తులకు చేరుస్తుంది కనుక మాత్రల కంటే చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. కట్టెల పొయ్యి పొగ, బీడీ, చుట్ట, నూర్పిడి ధూళి, మిరప ఘాటు ఆ రోజుల్లో దరిచేరనీయరాదు.

గంజి, మజ్జిగ, గోరువెచ్చని నీరు తరచుగా తీసుకోవాలి. గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల నీటికి పరిమితి విధించబడినవారు ఆ పరిమితిని దాటరాదు. మిరియాలు, శొంఠి, తులసి కషాయం గొంతుకు హాయినిస్తుంది. వద్దనవలసిన పని లేదు. అయితే మధుమేహులు అందులో బెల్లం, తేనె కలుపుకోరాదు. కషాయం తాగాము కదా అని అసలు మందు మానరాదు.

రోగి వాడిన కండువా, తువాలు, గ్లాసు మరొకరు వాడరాదు. దగ్గేటప్పుడు మోచేతి మడత అడ్డం పెట్టుకోవాలి. సబ్బుతో 20 సెకన్లపాటు చేతులు కడుక్కోవాలి. గదికి గాలి వెలుతురు వచ్చేలా కిటికీలు తెరిచి ఉంచాలి. పిల్లలకు జలుబు చేసినప్పుడు దీర్ఘవ్యాధి ఉన్న తాతగారి పక్కన పడుకోబెట్టకుండా ఉండటం చిన్న విషయంగా తోచినా పెద్ద రక్షణ.

వాడరాని మందులు

జ్వరానికి పెద్దలు పారాసిటమాల్ 500 మి.గ్రా. మాత్ర ఆరు గంటలకు ఒకటి చొప్పున వేసుకోవచ్చు. కాలేయ వ్యాధి ఉన్నవారు ముందుగా వైద్యుడిని అడగాలి. దుకాణంలో దొరికే జలుబు మాత్రలలో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. రెండూ కలిపి వేసుకుంటే మోతాదు మించిపోతుంది. ముక్కుదిబ్బడ తగ్గించడానికి ఆ మాత్రలలో చేర్చే ఫినైల్‌ఎఫ్రిన్ వంటి మందులు రక్తపోటును పెంచగలవు.

ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకోవడం మన గ్రామాలలో అలవాటు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి ఇవి తీవ్ర హాని చేస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వంటి చోట్ల ఈ జాగ్రత్త మరింత అవసరం. కొందరు ఉబ్బస రోగులకు వీటివల్ల ఆయాసం కూడా రావచ్చు.

ఊరి ఆర్.ఎం.పి. ఇచ్చే ఇంజెక్షన్‌లో ఏ మందు ఉన్నదో తప్పక అడగండి. డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఇస్తే గంటల్లో హుషారు వస్తుంది గాని, మధుమేహ రోగికి చక్కెర విపరీతంగా పెరుగుతుంది. ఆంటీబయాటిక్ మందులు వైరస్ మీద పనిచేయవు. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉన్నది. లక్షణాలు మొదలైన 48 గంటలలోపు ప్రారంభిస్తే దాని ప్రయోజనం ఎక్కువ. దీర్ఘవ్యాధి ఉన్నవారు తగ్గుతుందిలే అని ఎదురుచూడకుండా మొదటి రోజే వైద్యుని సంప్రదించవలసిన కారణం ఇదే.

ఆలస్యం చేయరాని లక్షణాలు

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

1. ఆయాసం, ఛాతీ నొప్పి, పెదవులు నీలిరంగుకు మారడం.
2. మత్తుగా ఉండడం, పొంతన లేని మాటలు.
3. వరుసగా రెండుసార్లు రక్తంలో చక్కెర 300 దాటడం, లేదా వాంతులు, కడుపునొప్పితో వేగంగా ఊపిరి తీయడం.
4. మూడు రోజులు దాటినా జ్వరం తగ్గకపోవడం, లేదా తగ్గిన జ్వరం తిరగబెట్టి దగ్గు ఎక్కువ కావడం.
5. ఆక్సిమీటర్‌లో 94 కంటే తక్కువ చూపడం. ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఎప్పుడూ తక్కువే ఉండేవారు తమ మామూలు అంకె ఎంతో ముందే తెలుసుకోవాలి.
6. మూత్రం బాగా తగ్గిపోవడం, కఫంలో రక్తం పడడం.

దగ్గు రెండు వారాలు దాటితే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా కఫ పరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ఉన్నవారికి క్షయ సోకే అవకాశం ఇతరులకంటే ఎక్కువ.

ఖర్చు విషయం

2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హత గల కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి చికిత్స లభిస్తుంది. 2024 నుంచి 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనిని వర్తింపజేశారు. ఇవి ఆస్పత్రిలో చేరినవారికే గాని నెలనెలా కొనే మాత్రలకు కాదు. కార్డు ఉన్నదో లేదో, మీ సమీపంలో ఏ ఆస్పత్రి పథకంలో ఉన్నదో నిమ్మళంగా ఉన్నప్పుడే తెలుసుకోండి.

నూటికి మూడు రూపాయల వడ్డీకి 20,000 తెస్తే ఏడాదికి వడ్డీయే 7,200 అవుతుంది. కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిని నిర్ణయించేటప్పుడు పంట ఖర్చుపై 10 శాతం కోత అనంతర, గృహావసరాల నిమిత్తం చేరుస్తారు. దానిని పండుగలకు వాడివేయక, అత్యవసరానికి నిలుపుకోవడం వివేకం. వాయిదా గడువు దగ్గర పడుతున్నప్పుడు జబ్బు చేస్తే ఆ మాట కుటుంబ సభ్యుల ద్వారా శాఖకు ముందే తెలియజేయండి. గడువు దాటితే సకాలంలో చెల్లించినవారికి దక్కే వడ్డీ ప్రోత్సాహకం చేజారుతుంది.

పాఠకులు ఈ వారంలో ఒక పని చేయవలసిందిగా మనవి. ఇంట్లో దీర్ఘవ్యాధి ఉన్నవారి మందుల పెట్టె తెరిచి, ఇంకా ఎన్ని రోజులకు సరిపడా మాత్రలు ఉన్నాయో లెక్కించండి. పధ్నాలుగు రోజులకంటే తక్కువ ఉంటే, రేపు ఎరువుల కోసం మండల కేంద్రానికి వెళ్ళేటప్పుడు మందుల చీటీ కూడా జేబులో పెట్టుకోండి.